తడి ఆరేదాకా బాబాయి

మా బాబాయికి ఊళ్ళో ఒక్కటే పేరుంది. వాన వెలిస్తే అందరికంటే ముందు పొలంలో చక్రం పెట్టేది ఆయనే. ఆకాశం ఇంకా ముక్కు చీదుకుంటూ ఉండగానే ఆయన ట్రాక్టరు గట్టు దిగేది. ఒకసారి సగం వానలోనే వెళ్ళి, వానని కాస్త పక్కకి జరగమన్నాడని అంటారు. మొదట అన్నది నేనే. ఇప్పుడు అందరూ అంటున్నారు కాబట్టి నిజమే అయ్యుంటుంది.

పొలం పిన్నిది, వాళ్ళమ్మ వైపు నుంచి వచ్చింది. దున్నేది మాత్రం బాబాయి. ఏటేటా ఆ నేల గట్టిపడుతూ వచ్చింది. గునపం వేస్తే గునపమే వంగింది. వానపాములు మూటాముల్లె సర్దుకుని గట్టు దాటి పోతుంటే నేను కళ్ళారా చూశాను. ముందు నడిచేది వాటిలో పెద్దాయన. నేల గట్టిపడిందని బాబాయి తన చిన్న ట్రాక్టరు బావమరిదికి, అంటే పిన్ని తమ్ముడికి, అమ్మేసి, మా ఇంటి చూరుకంటే ఎత్తైనది కొన్నాడు. దాంతో నేల ఇంకా గట్టిపడింది.

"ఇంకా పెద్దది కొనాలి" అన్నాడు బాబాయి.

ఆ మధ్యాహ్నమే పిన్ని ఒక పొద్దుతిరుగుడు మొక్కని వేరుతో సహా పెకలించి తెచ్చి, భోజనం చేస్తున్న బాబాయి కంచం పక్కన పెట్టింది. వేరు జానెడు లోతుకి దిగి, అక్కడ గోడ తగిలినట్టు పక్కకి తిరిగిపోయింది.

"ఏంటే ఇది?"

"మీ ట్రాక్టరు పుణ్యం. మట్టిలో గుల్ల ఉంటుందండీ. గాలైనా, నీళ్ళైనా, వేరైనా అందులోంచే పోవాలి. తడిగా ఉన్నప్పుడు అంత బరువేసుకుని తొక్కితే గుల్లంతా అణిగి పలకయిపోతుంది. మీరు పైన ఎంత దున్నినా కింద పలక అలాగే ఉంది."

"నేనెక్కడ తొక్కానే? తొక్కేది చక్రం కదా!"

"చక్రానికి చెవుల్లేవు, అందుకే మీకు చెప్తున్నాను. ఈసారి తడిలో దిగారో, వచ్చే పంటకి పొలం మా తమ్ముడికిచ్చేస్తా."

పిన్ని అన్నదంటే అన్నదే. ఒకసారి ఆలస్యంగా నడుస్తోందని గోడ గడియారాన్ని కేకలేసింది. అది ఈ రోజుకీ కాస్త ముందే నడుస్తోంది.

విత్తనాల వేళకి వాన దంచికొట్టి వెలిసింది. పిన్ని రోజూ పొద్దున్నే పొలం లోపలి మట్టి తెచ్చి, గుప్పిట్లో పిసికి, వరండా నేల మీద వేసేది. ముద్దగా ఉండిపోతే తడి ఉన్నట్టు. పొడిపొడిగా విరిగితే బండి దిగొచ్చు. ట్రాక్టరు తాళం దాచలేదు. గుమ్మం పక్కన మేకుకే వేలాడదీసింది. అదే అసలు ఘోరం.

తమాషా చూడ్డానికి బావమరిది రోజూ వచ్చి, టీ గ్లాసుతో వరండా మెట్ల మీద స్థిరపడేవాడు.

"బావా, ఎండ భలే కాస్తోంది. పక్క పొలాలవాళ్ళు విత్తేస్తున్నారు."

"చూశాను."

"నీలాంటి మొనగాడు ఇలా గోళ్ళు గిల్లుకుంటుంటే చూడలేకపోతున్నాను."

"చూడలేకపోతే అటు తిరిగి కూర్చో."

ఒకరోజు ఆగలేక బాబాయి తాళం పట్టుకెళ్ళాడు. పిన్ని కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. ఆయన షెడ్డులోనే ఇంజను ఆన్ చేసి, బ్రేకు మీద కాలేసి, స్టీరింగు అటూ ఇటూ తిప్పి, గేర్లు మార్చి, హారను కొట్టి, చెమటలు కారుతూ దిగాడు. ఆ ఒక్క పూటలో షెడ్డు దాటకుండానే ఎకరం దున్నాడని లెక్క. తాళం మళ్ళీ మేకు మీదికి వచ్చింది.

మర్నాడు మట్టి తెచ్చింది బావమరిది. "నీకెందుకక్కా శ్రమ" అంటూ తనే పిసికి నేల మీద వేశాడు. అది పిండిలా రాలిపోయింది.

"ఇంకేం బావా, బయల్దేరు!"

బాబాయి చెప్పులు కూడా వేసుకోలేదు. పెద్ద ట్రాక్టరు గర్జించుకుంటూ పొలం గట్టు దాకా వెళ్ళింది. వెనకాలే మేమూ పరిగెత్తాం. ముందు చక్రం గట్టు అంచు మీద ఉండగా ఆగింది. బాబాయి పొలాన్ని చూశాడు, వెనక్కి తిరిగి బావమరిదిని చూశాడు. అతను మరీ అమాయకంగా మబ్బుల్ని చూస్తున్నాడు.

బాబాయి బండి దిగి, పార తీసుకుని, పొలం నడుమ జానెడు లోతు తవ్వాడు. అడుగు మట్టి తీసి పిసికాడు. నున్నటి ముద్దయింది. దాన్ని తెచ్చి బావమరిది అరచేతిలో పెట్టాడు.

"నువ్వు తెచ్చింది ఏ గట్టు మీద మట్టిరా?"

"పైపైన కాస్త ఎండిందనీ..."

"వేరు పైపైన ఉండదు. ఇది పట్టుకో. ఆరాక చెప్పు."

బావమరిది ఆ ముద్దని అటూ ఇటూ తిప్పి చూసి, అక్క వైపు తిరిగాడు. "పొలం ఎలాగూ నాకు రాదని తేలిపోయింది. ఇంటికెళ్ళాక టీ అయినా ఇంకో గ్లాసు పొయ్యక్కా."

పిన్ని ట్రాక్టరు వైపు చూసింది. "దాన్ని వెనక్కి తిప్పండి. పొలం మీరే దున్నండి, ఆరాకే."

బాబాయి ఎక్కి, జీవితంలో మొదటిసారి వెనక గేరు వేశాడు. అది ఎక్కడుందో వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది.