హైబ్రిడ్ షాఫ్ట్‌కు తడిగుడ్డ

2022 జూన్ మొదటి వారంలో, జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలోని రిక్రియేషన్ క్లబ్బుకు నన్ను మార్కర్‌గా వేస్తూ ఆర్డరు ఇచ్చారు. అంతకుముందు పదిహేడేళ్లు అక్కడే హెల్పర్‌గా చేశాను. బిలియర్డ్స్ లాంటి పూల్ ఆట టేబుల్ గుడ్డను బ్రష్ చేయడం, బంతులు తుడవడం హెల్పర్ పని. స్కోరు చెప్పడం, ఆడే కర్రలు, అంటే క్యూలు ఎంచి ఇవ్వడం, వాటిని బాగుచేయడం మార్కర్ పని. ఆ పనంతా పాత మార్కర్ గారి దగ్గర ఎప్పుడో నేర్చుకున్నాను. ప్రమోషన్ ఆగింది రిజిస్టరు రాయలేకనే. యాభై మూడో ఏట కాలనీ బడిలో సాయంత్రం తరగతికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాక ఆ అడ్డు పోయింది.

ఆ నెలలోనే క్లబ్బుకు కార్బన్ షాఫ్టులు వచ్చాయి. పూల్ క్యూ రెండు ముక్కలుగా ఉంటుంది. చేత్తో పట్టుకునే వెనక భాగం బట్, బంతిని కొట్టే ముందు భాగం షాఫ్ట్. చెక్క షాఫ్ట్ వానాకాలంలో వంగుతుంది. చెమటా సిమెంటు దుమ్మూ కలిసి దానిమీద పొరకడతాయి. కార్బన్ షాఫ్ట్ నల్లటి గొట్టం. అది వంగదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఇసుక కాగితం మాత్రం తగలకూడదు. వెల్ఫేర్ ఆఫీసరు గారు ఇవన్నీ చెప్పి, నోటీసు రాసి గోడకు అంటించమన్నారు. 'కొత్త షాఫ్టులను రోజూ తడిగుడ్డతో తుడవాలి. ఇంకేమీ చేయరాదు' అని రాశాను. నేను రాసిన మొదటి నోటీసు అది. పదిహేడేళ్లు నోటితో మొత్తుకున్నా వినని మనుషులు, ఆ కాగితం చూసి గుడ్డ అందుకునేవారు. అది నాకు చాలా గొప్పగా ఉండేది.

నాగరాజు ముక్త్యాల మనిషి. ప్యాకింగ్ ప్లాంటులో కాంట్రాక్టు మీద బస్తాలు ఎత్తేవాడు. డ్యూటీ దిగి నేరుగా క్లబ్బుకు వచ్చి ఆడేవాడు. ఆ ఏడు యాజమాన్యం స్పోర్ట్స్ కోటాలో ఒక పర్మనెంటు ఉద్యోగం ప్రకటించింది. రెండు యూనిట్ల నుంచి ఒక్కొక్కరిని పంపుతారు, సెప్టెంబరులో నందిగామలో సెలెక్షన్ ఆట, గెలిచినవాడికి ఉద్యోగం. వయోపరిమితి ముప్పై ఐదు. మా యూనిట్ నుంచి ఎంపికైన నాగరాజుకు ఆ అక్టోబరుతో అది దాటిపోతుంది. అప్పటికే నడుం పట్టేసి బెల్టు కట్టుకుని బస్తాలు ఎత్తుతున్నాడు.

బదిలీ మీద వెళ్తున్న ఒక ఇంజనీరు గారు తన షాఫ్టులు రెండు నా దగ్గర పెట్టి, కుదిరేది చూసి నాగరాజుకు ఇమ్మన్నారు. ఒకటి పూర్తి కార్బన్, రెండోది హైబ్రిడ్. హైబ్రిడ్ అంటే బయట మేపుల్ చెక్క, లోపల సన్నటి కార్బన్ గొట్టం.

"నల్లదిచ్చెయ్ అక్కా, చూడ్డానికి బాగుంది" అన్నాడు.

"పెళ్లిచూపులా ఏంటి? ఆడి చూడు ముందు" అన్నాను.

రెండిటి మరలూ అతని బట్‌కు సరిపోయాయి. ఇక చూడాల్సింది గురి. తెల్లబంతిని మధ్యలో కాకుండా పక్కన కొడితే అది అనుకున్న గీత మీద వెళ్లదు, కొంచెం పక్కకు తొలగుతుంది. షాఫ్ట్ కొస బరువుగా ఉంటే ఎక్కువ తొలగుతుంది, తేలికైతే తక్కువ. చెక్కతో ఏళ్ల తరబడి ఆడినవాడు ఆ తేడాను తెలియకుండానే గురిలో కలుపుకుంటాడు. ఒక్కసారిగా కొస తేలికైన పూర్తి కార్బన్‌కు మారితే ఆ అలవాటే దెబ్బతీస్తుంది. అందుకని రెండిటికీ మధ్యస్థంగా ఉండే హైబ్రిడ్ ఇచ్చాను. ఎంపికలో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను. రెండు నెలల్లో అతని చేయి దానికి కుదిరింది.

తప్పు ఆ తర్వాతి పనిలో జరిగింది. హైబ్రిడ్ కూడా కొత్త షాఫ్టే కదా అని దాన్నీ రోజూ తడిగుడ్డతో తుడిచాను. వానలు పడుతున్న ఆగస్టు నెల అది. షాఫ్ట్ కొసన బంతికి తగిలే తోలు బిళ్ల టిప్, దాని కింద తెల్లటి తొడుగు ఉంటుంది. ఆ తొడుగూ చెక్కా కలిసే చోట తడి లోపలికి దిగి, చెక్క ఉబ్బి, లోపలి గొట్టాన్ని పట్టుకున్న జిగురు వదులవుతూ వచ్చింది. పాత మార్కర్ గారు నేర్పిన పరీక్ష ఒకటుంది. షాఫ్ట్‌ను రెండు వేళ్లతో వేలాడదీసి, వేలి కణుపుతో కొట్టి వినాలి. గట్టిగా ఉంటే ఖణేలుమంటుంది, వదులైతే చప్పుడు చచ్చిపోతుంది. ఇంకేమీ చేయరాదని రాసుకున్నదాన్ని, ఆ పరీక్షా మానేశాను.

సెలెక్షన్‌కు పన్నెండు రోజుల ముందు నాగరాజు ఆట మధ్యలో ఆగాడు.

"అక్కా, కొడతంటే చేతిలో ఏదో టకటకమంటంది."

"కార్బన్‌కి ఏమవుద్దిరా? అక్కడ రాసుందిగా, చదువుకో" అని గోడ చూపించాను.

"ఓహో, మార్కరమ్మకి చదువొచ్చింది, ఇక మన మాట వినదు" అని పక్కవాళ్లు నవ్వారు. అతనూ నవ్వి, మళ్లీ ఆటలోకి వంగాడు.

నందిగామకు నేనూ వెంట వెళ్లాను. తొమ్మిది ఫ్రేముల, అంటే తొమ్మిది రౌండ్ల ఆట పెట్టారు. ముందు ఐదు గెలిచినవాడిదే సెలెక్షన్. నాగరాజు నాలుగు రెండుతో ముందున్నాడు. ఏడో ఫ్రేములో పక్కన కొట్టిన ప్రతి దెబ్బా ఒక్కో తీరుగా వెళ్లి ఆ ఫ్రేము పోయింది. ఎనిమిదోదీ పోయి నాలుగు నాలుగు అయింది. విరామంలో షాఫ్ట్ విప్పి వేలితో కొట్టాను. చప్పుడు లేదు. తొడుగు పక్కన వెంట్రుకంత పగులు కనిపించింది. రిఫరీ అనుమతితో ఆ హాలు వాళ్ల చెక్క క్యూ ఇప్పించాను. అంతకంటే దారి లేదు. కానీ రెండు నెలలుగా హైబ్రిడ్‌కు కుదిరిన చేయి అది. తొమ్మిదో ఫ్రేములో, గుంటలో వేస్తే గెలిచే చివరి నల్లబంతిని పక్క దెబ్బతోనే కొట్టాలి. బంతి గుంట అంచును తగిలి ఆగింది. అవతలివాడు దాన్ని తేలిగ్గా వేసేశాడు.

తిరుగు బస్సులో చిల్లకల్లు దాటాక, తప్పు నాదని, తడిగుడ్డ వల్లే పోయిందని నాగరాజుకు చెప్పాను.

"మా ఆవిడకి ఈ మాట చెప్పమాకక్కా. నేనే ఓడిపోయాననుకోనీ. నీ మీద కోపం పెట్టుకుంటే ఆమెకేం వస్తది?" అన్నాడు.

నోటీసు ఆ సాయంత్రమే చించేశాను. రిజిస్టరులో జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. ఆఫీసరు గారు చదివి, అవతలి యూనిట్ అతనికి ఉద్యోగం ఇచ్చేశారని, ఇప్పుడు రాసి ప్రయోజనం లేదని అన్నారు. నాగరాజు క్లబ్బుకు రావడం మానేశాడు. మరుసటి ఏడు నడుముకు ఆపరేషన్ అయింది. కాంట్రాక్టరు అతని చోట వేరొకరిని పెట్టుకున్నాడు. నేను రిటైరయ్యే నాటికి అతను ఊళ్లో లేడు.

హైబ్రిడ్ షాఫ్ట్‌ను చెక్కలాగే చూడాలి. పొడిగుడ్డతో తుడవాలి, నెలకోసారి మైనం రాయాలి, ప్రతి ఆటకు ముందు వేలితో కొట్టి వినాలి. ఆడేవాడు చేతిలో తేడా ఉందంటే, ఎక్కడ ఏం రాసి ఉన్నా విప్పి చూడాలి. దానికి నిమిషం కూడా పట్టదు. ఆ రోజు చూసి ఉంటే, మళ్లీ పాత చెక్క షాఫ్ట్‌కు చేయి కుదుర్చుకోవడానికి నాగరాజుకు పన్నెండు రోజులు ఉండేవి.