కార్డు మీద నీలం చుక్క

మా ఇంట్లో నాదంటూ ఒక్క విద్యైనా ఉండాలని నేను గోల్ఫ్ మొదలుపెట్టాను. అంతకంటే గొప్ప కారణం ఏదీ లేదు. నా తోడికోడలు ఈ ఇంటికి వచ్చిన ఆరేళ్ళలో నా చేతిలోవన్నీ ఒక్కొక్కటే ఆమె చేతిలోకి పోయాయి. ముందు రసం పోయింది. మా అత్తగారు రెండోసారి పోయించుకుని, "ఈ పిల్ల చేసేదే నా నాలుకకు ఒప్పుతుంది" అన్నారు. తర్వాత వాకిట్లో ముగ్గు పోయింది. తర్వాత అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే పని కూడా పోయింది. పోనీ, ఆమె ఏదైనా లాక్కుందా అంటే అదీ లేదు. "అక్కా, ఇది నేను చేసేదా?" అని అడిగి మరీ తీసుకునేది. నాకు అదే మరీ మంట.

రాజపాళయంలో గోల్ఫ్ ఏమిటని బయటివాళ్ళు నవ్వుతారు. సేత్తూరు దారిలో కాపు తగ్గిన కొబ్బరితోట ఒకటి ఉంటే, మా క్లబ్బు పెద్దాయన ఒకరు దాన్ని ఆటకి ఇచ్చారు. అందులో తొమ్మిది గుంటలు. పచ్చిక పెంచేంత నీళ్ళు లేవు కాబట్టి గుంట చుట్టూ ఇసుకలో నూనె కలిపి చదును చేస్తారు. బ్రౌన్ అంటాం దాన్ని. నేను రెండేళ్ళు అక్కడ ఎండలో నిలబడి నేర్చుకున్నాను. ఒకరోజు తోడికోడలు వచ్చి "నాకూ నేర్పించు అక్కా" అంది. కర్ర ఎలా పట్టుకోవాలో నేనే చూపించాను. నాలుగు నెలలు తిరిగేసరికి ఆమె బంతి నా బంతిని దాటి పోవడం మొదలుపెట్టింది. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో నన్నడగండి.

ఏటా దీపావళి వెళ్ళాక వచ్చే ఆదివారం క్లబ్బులో జట్ల ఆట ఉంటుంది. ఇంటికి నలుగురు ఒక జట్టు. మా జట్టులో మా ఆయన, మా మరిది, తోడికోడలు, నేను. నలుగురూ తలా ఒక బంతి కొడతారు. నాలుగింటిలో ఏది మంచిచోట పడిందో దాన్ని ఎంచుకుంటారు. మిగతా మూడూ ఏరుకొచ్చి అందరూ అక్కడినుంచే మళ్ళీ కొడతారు. అంటే ప్రతిసారీ ఒకరిని మెచ్చి ముగ్గురిని పక్కన పెట్టడం. ఇంట్లో నోరు తెరిచి ఎవరూ అనని మాట తోటలో నిలబడి తొమ్మిదిసార్లు అంటారు. అది చాలదని మా క్లబ్బులో ఇంకో ఆచారం. ప్రతి గుంటకీ ఎవరి మొదటి దెబ్బ తీసుకున్నారో వాళ్ళ రంగులో కార్డు మీద చుక్క పెట్టాలి. ఆ కార్డులన్నీ మరుసటి ఏడు ఆట దాకా క్లబ్బు గోడకి వేలాడతాయి. కిందటేడు మా కార్డు మీద నా నీలం చుక్క ఒక్కటి కూడా లేదు. తంబోలా ఆడడానికి వచ్చే ఆడవాళ్ళందరూ ఏడాది పొడుగునా అది చూశారు. ఈసారి నాకు ఒకే ఒక్క చుక్క కావాలి. గెలుపు ఎవరికి కావాలి?

బంతులకి రంగు వేసే పని మరిది తీసుకున్నాడు. మాది నూలు మిల్లు. ఒక రకం దూది ఇంకో రకంలో కలిసిపోకుండా గుర్తుకోసం వాటికి టింట్ అనే రంగు వేస్తారు. మిగతా జట్లవాళ్ళు మార్కర్ పెన్నుతో గీతలు గీసుకుంటుంటే, మా మరిది మిల్లు నుంచి నాలుగు చిన్న డబ్బాలు తెచ్చి గుడ్డతో అద్దాడు. నాది నీలం, తోడికోడలిది గులాబీ, మా ఆయనది పసుపు, మరిదిది ఆకుపచ్చ.

"మన రంగు మన ఇంట్లో ఉండగా పెన్ను ఎందుకు వదినా" అన్నాడు గర్వంగా.

పొద్దున ఎండ బాగానే కాసింది. మొదటి మూడు గుంటలూ గులాబీ చుక్కలే. నాలుగోదానికి నా బంతి తిన్నగా వెళ్ళింది, చాలా దూరం కూడా వెళ్ళింది. కానీ ఆమెది ఇంకో రెండడుగులు ముందు పడింది. "నీది కూడా బాగానే పడింది" అన్నాడు మా ఆయన, ఏడ్చే పిల్లకి బెల్లంముక్క ఇచ్చినట్టు. ఆ 'కూడా' వినీ వినీ నా చెవులు అరిగిపోయాయి. ఏడో గుంట దగ్గర కొండమీద నుంచి మబ్బు దిగింది. ఎనిమిదోది అయ్యేసరికి అయిదు గులాబీ, రెండు ఆకుపచ్చ, ఒక పసుపు చుక్క. నీలం పెన్సిలు మొన అలాగే ఉంది.

తొమ్మిదోది దగ్గరి గుంట. మంచి దెబ్బ పడితే ఒక్కసారికే బ్రౌన్ చేరుకోవచ్చు. అప్పటికి వాన కుండపోత అయింది. నలుగురం ఒకరి తర్వాత ఒకరం కళ్ళు చికిలించుకుంటూ కొట్టాం. నా వంతులో కర్ర చేతిలో జారింది. చప్పుడు కూడా బావుండలేదు. తల ఎత్తేసరికి తెల్లటి వాన తప్ప ఏమీ కనబడలేదు. అయిపోయింది, ఇంకో ఏడాది గోడమీద నా పరువు అనుకున్నాను.

మగవాళ్ళిద్దరివీ ఎడమపక్క గట్టువైపు పోయాయి, అది వాళ్ళే చెప్పుకున్నారు. వాళ్ళు అటు వెతుకుతుంటే, తోడికోడలిని వెనక వదిలి నేను ముందుగా నడిచాను. దారిలో ఒక కొబ్బరిచెట్టు పాదులో, బురదలో ఒక బంతి కనబడింది. ముందుకి చూస్తే ఇంకో బంతి బ్రౌన్ మీద, గుంటకి జానెడు దూరంలో కూర్చుని ఉంది. ఏది ఎవరిదో చెప్పడానికి వేరే గుర్తు కావాలా? ఎవరి రాత ఎలా ఉంటుందో నాకు తెలియదా?

అయినా వంగి చూశాను. బురదలోని బంతి మీద ఏ రంగూ లేదు. అప్పుడు తట్టింది. టింట్ అసలు నీళ్ళు తగిలితే పోవడానికే చేసింది. నూలు పని అయ్యాక ఉతికితే గుర్తు మిగలకూడదు. తరతరాలుగా మిల్లు నడిపే ఇల్లు మాది, వానాకాలంలో దాన్ని బంతికి పూసుకొచ్చాం. నలుగురిలో ఒక్కరికీ బుర్ర పని చెయ్యలేదు.

నేను కాలు ఎత్తి ఆ బంతి మీద పెట్టి, బురదలోకి దిగిపోయేదాకా తొక్కాను. తర్వాత బ్రౌన్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆ బంతి మీదా రంగు మిగల్లేదు. అందరూ వచ్చాక "ఇది నాది" అన్నాను.

మా ఆయన నా ముఖం చూడలేదు. తోడికోడలి ముఖం చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. ఆమె కొంగు పిండుకుంటూ, "అవును బావా, అక్కదే. నేను చూసినాను" అంది.

మరిది ఇంకో బంతి కోసం కాసేపు వెతికి వదిలేశాడు. మా ఆయన ఆ బంతిని గుంటలోకి తట్టాడు. తడిసిన కార్డు మీద నీలం చుక్క పడింది.

రేకుల షెడ్డులో భోజనాలు. మా జట్టుకి మూడో స్థానం వచ్చింది. అందరూ వచ్చి నా చుక్కని మెచ్చుకున్నారు. నేను బిరియానీ వదిలేసి లేచాను. ఆమె అంతా చూసి, తన బంతిని నాకు దానం చేసింది. రసం ఇచ్చానా, ముగ్గు ఇచ్చానా, ఇప్పుడు తిరిగి నాకే ముష్టి వేసింది. చేతులు కడుక్కునే చోట ఆమె పక్కకి రాగానే ఆపుకోలేకపోయాను.

"నీ భిక్ష నాకు అక్కరలేదు" అన్నాను.

"ఏమి భిక్ష అక్కా?"

"తెలియనట్టు మాట్లాడొద్దు."

ఆమె తడిచేతులు కొంగుకి తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడు రోజులు నాతో అవసరమైతే తప్ప మాట్లాడలేదు. దొంగ వేషాలు అనుకున్నాను.

మాది బ్యాండేజీ గుడ్డ నేసే ఊరు. మా ఇళ్ళలో ఏ సంచి దులిపినా ఒక గుడ్డచుట్ట రాలుతుంది. ఆరోజు గుంటలోంచి తీసిన తడిబంతిని దాంట్లోనే చుట్టి బీరువాలో పెట్టాను. బుధవారం పొద్దున విప్పి చూస్తే తెల్లటి గుడ్డ మీద ఆవగింజలంతేసి మచ్చలు. బంతి మీద ఉండే సన్నటి గుంటల అడుగున కంటికి కనబడకుండా మిగిలిన రంగుని గుడ్డ పీల్చుకుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. గులాబీ కాదు. నీలం.

నా బంతే. నా బంతినే నేను దొంగిలించాను.

తోడికోడలు వంటింట్లో కాఫీ వడకడుతోంది. గుడ్డ తీసుకెళ్ళి గట్టు మీద పెట్టాను.

"అది నాదే" అన్నాను.

"నేను అప్పుడే చెప్పినాను కదా అక్కా."

"మరి నీది?"

ఆమె నా వైపు తిరగలేదు. "బురదలో ఉండింది. నువ్వు తొక్కినావే, అదే" అంది. కాఫీ వడకడుతూనే, "నా మీద అంత కోపమా అని మూడు దినాలుగా అనుకొంటూ ఉండాను. నేనేమి తప్పు చేసినానో చెప్తే సరిచేసుకొందును" అంది.

పగబట్టినదాన్ని అనిపించుకోవాలా, దొంగని అనిపించుకోవాలా? మూడో దారి లేదు. గుడ్డని ఆమె వైపు జరిపాను.

"నీదని తొక్కలేదు. నాదనుకొని తొక్కినాను" అన్నాను.

వడకట్టడం ఆపి ఆలోచించింది. లెక్క తేలగానే ముందు భుజాలు కదిలాయి. తర్వాత పక్కున నవ్వేసింది. ఆ నవ్వుకి కాఫీ గట్టు మీద ఒలికింది. "నీ బాలును నువ్వే తొక్కేదానికి పోయినావా అక్కా" అంటూ ఆ గుడ్డతోనే తుడవబోయి, ఆగి, జాగ్రత్తగా మడిచి నా చేతికి ఇచ్చింది. ఆమె కోపం అక్కడితో సరి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదని నాకు తెలుసు.

నాకు నవ్వు రాలేదు. అంత సిగ్గుతో నిలబడి కూడా నేను ఆమె నవ్వునే చూస్తున్నాను. మనసులో ఏమీ మిగుల్చుకోకుండా అలా నవ్వడం నాకు రాదు. అది కూడా ఆమెదే.