ఛార్జింగ్ మూత మీద బొట్టు

ఉదయం ఎనిమిదీ ఐదుకి మా మరదలు బండెక్కి తాళం తిప్పింది. ముందున్న తెర వెలిగింది. బండి కదల్లేదు. మూడు వారాల్లో ఇది మూడోసారి.

అది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న చిన్న ఎలక్ట్రిక్ ట్రక్కు. మా తమ్ముడు పాత డీజిల్ వ్యాను అమ్మేసి కొన్నాడు. విజయనగరం శివార్లలోని వంటశాల నుంచి కొత్తవలస వైపు బడులకి మధ్యాహ్నం అన్నం చేరవేసేవాడు. బండి కొన్న రెండు నెలలకి గుండె ఆగి పోయాడు. కర్మలు అయ్యాక మరదలే నడపడం మొదలుపెట్టింది. ఆడది ట్రక్కు నడపడమేమిటన్న చుట్టాలు ఇంకో దారేదీ చూపించలేదు. భోంచేసి వెళ్లిపోయారు.

రెండోసారి బండి ఆగిన రోజున వంటశాల కాంట్రాక్టరు ఆమెకి స్పష్టంగా చెప్పాడు. ఇంకొక్కసారి తొమ్మిదింటికి బండి గుమ్మంలో లేకపోతే వేరేవాళ్లని పెట్టుకుంటానన్నాడు. కాబట్టి ఆ ఉదయం మా చేతిలో ఉన్నది యాభై అయిదు నిమిషాలు.

బాగుచేసినవాళ్ల గురించి కూడా చెప్పాలి. మొదటిసారి వచ్చిన కార్ల ఎలక్ట్రీషియన్ బానెట్ వెతికాడు. ఆ బండికి బానెట్ లేదని తెలుసుకోవడానికి అతనికి కొంత సేపు పట్టింది. తర్వాత సీటు కిందున్న చిన్న బ్యాటరీ మార్చాడు. పదకొండింటికి బండి కదిలింది. రెండోసారి ఎలక్ట్రిక్ ఆటోల షాపతను వచ్చాడు. బండికి ఫోను తగిలించి, సాఫ్ట్‌వేర్ అని తేల్చి, టీ తాగి, ఇంకో టీ తాగాడు. ఆ రోజూ పదకొండు దాటాక బండి కదిలింది. "సూసారా మాస్టారూ, సెయ్యి పడాలంతే," అన్నాడు. తెర మీద చిన్న ప్లగ్గు బొమ్మ వెలుగుతోంది, అదేమిటని అంతకుముందు నేను అడిగితే మాత్రం అతనికి నచ్చలేదు.

"పాత బళ్లన్నిటికీ అలాగే వస్తాది. ఏటి, పుస్తకాలు సదివితే కరెంటు తెలిసిపోద్దా?"

ముప్పై ఏళ్లు కాలేజీ లైబ్రరీలో పుస్తకాలిచ్చినవాణ్ణి.

దిష్టి అన్నవాళ్లు వేరే. మా పెద్ద వియ్యంకుడు పాత యజమాని ఏడుపు తగిలిందని, నిమ్మకాయలు కట్టమని చెప్పాడు. నేను నవ్వాను. నవ్వాల్సింది ఎవర్ని చూసో తర్వాత తెలిసింది.

మూడోసారి మరదలు కంపెనీకి ఫోను చేసింది. బండి ఆపి, పది నిమిషాలాగి, మళ్లీ ఆన్ చేయమన్నారు. చేసింది. ప్లగ్గు బొమ్మ మళ్లీ వెలిగింది. ఎనిమిదీ ఇరవై అయింది. ఆమె స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు సామాను అరలో బండి పుస్తకం కనిపించింది. ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. తమ్ముడు చదవలేదు, ఇద్దరు మెకానిక్‌లు చదవలేదు, దొరికిన కాగితమల్లా చదివే నేనూ చదవలేదు. ప్లగ్గు బొమ్మ ఉన్న పేజీ ఐదు నిమిషాల్లో దొరికింది. ఛార్జింగ్ కేబుల్ తగిలించి ఉందని దాని అర్థం. కేబుల్ ఉండగా బండి కదలకుండా ఏర్పాటు ఉంది. మా కేబుల్ గోడకి వేలాడుతోంది. అంటే లేని కేబుల్ ఉందని బండి అనుకుంటోంది.

ఛార్జింగ్ సాకెట్టు బండి ముఖం మీద, సరిగ్గా మధ్యలో ఉంటుంది. మూత తీశాను. మూత చుట్టూ ఉండాల్సిన రబ్బరు ఈమధ్యే ఒక పక్క ఊడినట్టుంది. లోపల సన్న పిన్నుల మధ్య పసుపునీళ్లు, కరిగిన కుంకుమ, కొబ్బరినీళ్ల జిగట.

అవి నేను పోసినవే.

తమ్ముడు ప్రతి శుక్రవారం బండి కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాడు. నాకు అటువంటివాటి మీద నమ్మకం లేదు. అతని ముందే వెక్కిరించేవాణ్ణి. అతను పోయాక, మరదలు కొబ్బరికాయ కొట్టకూడదని చుట్టాలు తీర్మానించాక, ఆ పని నేను తీసుకున్నాను. ఆ ఏడాది మా ఇంట్లో పండగ లేదు, పూజ లేదు. బండికి మాత్రం శుక్రవారం ఏడింటికి కాయ కొట్టి, నీళ్లు బండి ముఖం మీద పోసేవాణ్ణి. బొట్టు పెట్టడానికి చదునుగా ఉన్న చోటు ఆ మూతే. బండి ఆగిన మూడు రోజులూ శుక్రవారాలని నాకు తట్టలేదు. ఆ రోజుల్లో నాకు వారాలు తెలియడం లేదు. పదకొండింటికి బాగుచేసింది మెకానిక్‌లు కాదు, ఎండ.

పొడిగుడ్డ పుల్లకి చుట్టి పిన్నుల మధ్య తుడిచాను. మరదలు జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి గాలి పెట్టింది. ఎనిమిదీ నలభైకి ప్లగ్గు బొమ్మ పోయింది. తొమ్మిదికి నాలుగు నిమిషాల ముందు బండి వంటశాల చేరింది.

నేను ఇంకా నమ్మలేదు. శనివారం చెంచాడు కొబ్బరినీళ్లు సాకెట్టులో వేశాను. బొమ్మ వెలిగింది. తుడిచి ఆరబెట్టాను. పోయింది. ఇక వేరే కారణం వెతకనక్కర్లేదు.

"నీకు తెలుసా?" అని మరదల్ని అడిగాను. ఆమె మూత వైపే చూస్తోంది.

"రెండోసారి ఆగినపుడే అనుమానం వచ్చింది బావగారూ. మీ తమ్ముడి పని అని మీరు సేస్తన్నారు. మీకు మిగిలినాది అదొక్కటే కదా, ఏటని వద్దంటాను?"

పని పోయే స్థితిలో కూడా ఆమె నా కొబ్బరికాయకి అడ్డు రాలేదు. ఊళ్లో అందరినీ తెలివితక్కువవాళ్లని లెక్కేసిన నేను, ఆమె నోరు ఎందుకు మెదపలేదో ఒక్కసారీ అడగలేదు.

మూతకి కొత్త రబ్బరు వేయించాం. ఇప్పుడు నీళ్లు పడినా లోపలికి పోవు, కావాలంటే మళ్లీ కొట్టండి అని ఆమే అంది.

నేను శుక్రవారం బండి ముందు కొబ్బరికాయ కొట్టడం లేదు. బండి ఎలా నడుస్తోందో ఆమెనే అడుగుతున్నాను.