ఆ జీపు చప్పుడు పట్టింది నేను కాదు

రెండు వేల మూడు, ఎండాకాలం. జగిత్యాలలో ధర్మపురి రోడ్డు మీద నాకు జీపుల షెడ్డు ఉండేది. పైన రేకులు, కింద ఒక గుంత, పక్కన వెల్డింగ్ మిషన్, అంతే. మా తాత, నాన్న తాళ్లెక్కి కల్లు గీసినవాళ్లు. నేను మాత్రం నిజామాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గర ఎనిమిదేళ్లు తిట్లు తిని స్పానర్ పట్టడం నేర్చుకున్నాను. ఆయన నేర్పిన పెద్ద విద్య వినడం. బండి షెడ్డులోకి రాకముందే దాని రోగం చెప్పేవాణ్ని. కోరుట్ల, రాయికల్ డ్రైవర్లు "సత్తన్న చెవి" అని చెప్పుకునేవారు. ఆ మాట విన్న పూట నాకు అన్నం కూడా అక్కర్లేదు.

ఆ రోజుల్లో సిరిసిల్లలో సాంచెలు, అంటే పవర్‌లూములు, ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. నేసిన బట్ట అమ్ముడుపోక మనుషులు చెల్లాచెదురయ్యారు. చాలామంది మహారాష్ట్రలోని భీవండి సాంచెలకు పోయారు. రాజేశం అనే అతను జగిత్యాల వచ్చి నా దగ్గర చేరాడు. ఇరవై ఏళ్లు సాంచెలు నడిపి, చెడిపోయినవాటిని బాగు చేసిన మనిషి. ఆ మోతలో చెవులు దాదాపు పోయాయి. వెనక నుంచి పిలిస్తే పలకడు. ఎదురుగా నిలబడి చెబితే పని ఇట్టే అర్థం చేసుకుంటాడు. భార్య సిరిసిల్లలోనే బీడీలు చుడుతూ బిడ్డను చదివిస్తోంది. నెల జీతం, ఉండడానికి ఒక అర్ర, అంటే గది, ఎక్కడైనా దొరికితే ఇద్దరినీ తెచ్చుకుంటానని, లేకుంటే తనకూ భీవండే గతి అని చేరిన రోజే చెప్పాడు. నేను ఇచ్చేది పని ఉన్న రోజుకే కూలి.

రెండు నెలలు తిరగకముందే నాకు అతనంటే కడుపుమంట మొదలైంది. కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేను పది నిమిషాల్లో విప్పే నట్టును అతను ఐదు నిమిషాల్లో విప్పేవాడు. డ్రైవర్లు వచ్చి, నన్ను చూస్తూనే, "సిరిసిల్లాయన లేడా" అని అడిగేవారు. మా ఇంటామె రెండు పూటలా అతని పేరు చెప్పి ఎంత నిదానమైన మనిషో అనేది. పదిహేనేళ్ల కాపురంలో నా నిదానం గురించి ఆమె ఒక్కసారీ మాట్లాడలేదు.

అప్పుడు వచ్చింది గంగాధర్ జీపు. గంగాధర్‌ది కోరుట్ల. పదేళ్లు దుబాయిలో బండి నడిపి తిరిగొచ్చి, మూడు జీపులు కొని పల్లెలకు ప్యాసింజర్లను తిప్పుతున్నాడు. వాటిలో ఒకటి ఎక్కడో వేలంలో కొన్న పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి, నాలుగు చక్రాలూ లాగేది. గుట్టలైనా ఎక్కుతుంది. దాని స్టీరింగ్ దారి తప్పింది.

"ఇస్టీరింగ్ తిప్పితె బండి జెర సేపు ఆలోచన జేసి తిరుగుతున్నది సత్తన్నా. తిరిగేటప్పుడు కింద టక్కుమంటున్నది. పదిహేను మందిని ఎక్కించుకొని పోతున్న, నాకు బుగులైతున్నది" అన్నాడు.

భయపడాల్సిందే. స్టీరింగ్ వదిలేసిన జీపు ఎవరి మాటా వినదు. రేపటికల్లా పట్టేస్తానని మాటిచ్చాను.

ముందు చక్రాలను జాకీ మీద లేపి ఊపి చూశాను. కింద, పైన పట్టి ఊపినప్పుడు కదలిక ఉంటే తప్పు కింగ్ పిన్ను దగ్గర, అంటే చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన చోట ఉంటుంది. పక్కలు పట్టి ఊపితే కదిలేది టై రాడ్ ఎండ్లు, రెండు చక్రాలను కలిపే కడ్డీ చివరి కీళ్లు. రెండూ కొంచెం కొంచెం అరిగి ఉన్నాయి. మార్చాను. స్టీరింగ్ కాస్త బిగిసింది, చప్పుడు పోలేదు. కుడివైపు కమాన్ కట్ట, అంటే కుదుపులు మోసే ఇనుప పట్టీల కట్ట, దాని వెనక చివర నుంచి వస్తోందని నా చెవి చెప్పింది. అక్కడి బుష్‌లు మార్చాను. పోలేదు. స్టీరింగ్ బాక్స్, అంటే స్టీరింగ్ కింది గేర్ల పెట్టె, దాని బోల్టు బిగించాను. ఈసారి స్టీరింగ్ మొండికేసింది, టక్కుమనడం మాత్రం మానలేదు. మూడు రోజులు గడిచాయి. గంగాధర్ రోజూ వచ్చి పోతున్నాడు. షెడ్డు ముందు చాయ్ తాగే డ్రైవర్లు నా చెవి గురించి నవ్వుకుంటున్నారని నాకు అనుమానం. వాళ్లు వేరే దేనికో నవ్వుకుని ఉంటారు, కానీ నాకు అట్లా అనిపించలేదు.

మూడో రోజు మధ్యాహ్నం నేను సీట్లో కూర్చుని స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతూ చెవి రిక్కించాను. రాజేశాన్ని కింద డ్రాగ్ లింక్, అంటే బాక్స్ నుంచి చక్రాలకు పోయే కడ్డీ, చూస్తూ ఉండమన్నాను. తొంగి చూస్తే అతను దాన్ని చూడడమే లేదు. అరచెయ్యి ఛాసిస్ మీద, అంటే బండి అడుగు చట్రం మీద ఆనించి, కొంచెం జరిపి, మళ్లీ ఆనిస్తున్నాడు. జ్వరం చూసే డాక్టర్ మాదిరి కళ్లు మూసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"అన్నా, దిగు. గీడ చెయ్యి వెట్టు" అని పిలిచాడు. నేను చెయ్యి పెట్టాను, అతను ఎక్కి స్టీరింగ్ తిప్పాడు. నా అరచేతి కింద ఇనుము కదిలింది. గట్టిగా ఉండాల్సిన ఛాసిస్, స్టీరింగ్ బాక్స్ బిగించిన చోట, బాక్స్‌తో పాటు ఊగుతోంది. మట్టి గీకి చూస్తే పాత రంగు కింద వేలెడంత పగులు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ముందు బాక్సే జరుగుతోంది, ఆ తర్వాతే చక్రం తిరుగుతోంది. పగులు టక్కుమంటే ఆ చప్పుడు ఛాసిస్ పొడవునా పోయి వెనక కట్ట దగ్గర పలుకుతోంది. నా చెవి అబద్ధం వినలేదు, చప్పుడు పుట్టిన చోటు వదిలి చేరిన చోట విన్నది. ఇంకో నెల నడిపితే బాక్స్ ఊడి చేతికి వచ్చేది.

ఎట్లా పట్టావని అడిగాను.

"సాంచెల కాడ చెవి పనిజెయ్యది అన్నా. ఒక్కటే మోత. ఏ సాంచె తప్పుతున్నదో చెయ్యి వెడితెనే ఎరుకైతది" అన్నాడు.

పదిహేను మంది ప్రాణాలు నిలిచాయని సంతోషించాల్సిన సమయం. నాకు మాత్రం లోపల మండిపోయింది. చెవులు లేనివాడు నా చెవిని ఓడించాడు. మర్నాడు బాక్స్ దించి, పగులు మీద పట్టీ వేసి వెల్డింగ్ చేశాను. రాజేశం చేస్తానన్నా చేయనివ్వలేదు. ఆ మాత్రమైనా నాది ఉండాలి కదా.

గంగాధర్ వచ్చి బండిని ధర్మపురి రోడ్డులో తిప్పుకొచ్చాడు. ముఖం విచ్చుకుంది. రాజేశం పది అడుగుల దూరంలో, మావైపు తిరిగి, కిరోసిన్‌తో చేతులు కడుక్కుంటున్నాడు. వినబడదు కదా అని నేను గొంతు తగ్గించలేదు.

"ఎవలు వట్టిండ్రన్నా గిది?" అన్నాడు గంగాధర్.

"ఎవలు వడ్తరు? నేనే."

"కోరుట్లల సొంతంగ షెడ్డు ఏస్తున్న. ఒక మనిషి గావాలె. అర్ర ఇస్త, నెల జీతమిస్త. గీ సిరిసిల్లాయన ఎట్ల?"

"మంచోడే గని చెవులు ఇనవడయి. బండి చప్పుడు ఇననోనికి బండ్లెట్ల అప్పజెప్తవు?"

గంగాధర్ అదీ నిజమేనని బండెక్కి పోయాడు. నా కడుపు చల్లబడింది. దాచేదేముంది, నిజంగానే చల్లబడింది. ఆ శనివారం రాజేశం స్పానర్లన్నీ తుడిచి వరసగా పెట్టి, పోయొస్తనన్నా అని సిరిసిల్ల బస్సెక్కాడు. సోమవారం రాలేదు. పీడ విరగడైందనుకున్నాను.

వానలు పడ్డాక ఇంకో జీపు వచ్చింది, ఇంకో చప్పుడుతో. చెవి పెట్టాను, చెయ్యి కూడా పెట్టాను. నా చేతికి ఏమీ తెలియలేదు. నాలుగో రోజు పొగరు చంపుకుని, నెల జీతం ఇస్తానని చెప్పి తెచ్చుకుందామని సిరిసిల్ల పోయాను. రాజేశం భార్య భాగ్య వాకిట్లో చాట ముందు బీడీలు చుడుతోంది. ఆయన భీవండి పోయి రెండు నెలలైందని చెప్పింది. అక్కడి అడ్రస్ తన అన్న దగ్గర ఉందని, ఎదురుగా ఉన్న సాంచెల షెడ్డు గడప దాకా నన్ను తీసుకుపోయింది. లోపల చెవులు చిల్లులు పడే మోత. ఆమె గడపలోనే నిలబడి పెదవులు కదిపింది. దూరాన సాంచెల మధ్య నుంచి వాళ్లన్న పెదవులు కదిపాడు. ఒక్క మాటా నాకు వినబడలేదు. ఆమె నావైపు తిరిగి, అడ్రస్ ఇంట్లో ఉందట, సాయంత్రం ఇస్తాడట అంది.

ఎట్లా తెలిసిందని అడిగాను.

"మోతల ఎవలకు ఇనవడ్తదన్నా? మూతి జూసుకునే మాట్లాడుకుంటరు. మా ఆయనైతె వాడకట్టు అవతల మూతి గదిలినా చెప్తడు" అంది, కొంచెం గర్వంగా.

ఆ రోజు చేతులు కడుక్కుంటూ అతను మావైపే తిరిగి ఉన్నాడని గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది. నా దగ్గర పని ఎందుకు మానేశానని చెప్పాడో అడిగాను.

"కోరుట్లల అర్ర దొరుకుతదనుకున్న, కుదరలే అన్నడు. గంతే. మిమ్ముల ఒక్క మాట అనలే. సత్తన్న లెక్క వెల్డింగ్ ఎవలు చెయ్యరన్నడు."

కుదరకుండా చేసింది నేనేనని ఆమెకు చెప్పాల్సింది. చాయ్ తాగమంటే వద్దని, అడ్రస్ కోసం కూడా ఆగకుండా బస్టాండుకు నడిచాను. అట్నుంచి కోరుట్ల పోయి గంగాధర్‌కు మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను "గీ ముచ్చట గప్పుడే చెప్పకపోతివి సత్తన్నా" అన్నాడు. అతని షెడ్డులో అప్పటికే వేరే మనిషి ఉన్నాడు.

పాత జీపులో స్టీరింగ్ తడబడి, టక్కుమని వినిపిస్తే వెంటనే పార్టులు మార్చకండి. ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే ఇంకొకరు బాక్స్ పక్కన ఛాసిస్ మీద చెయ్యి ఆనించి చూడండి. ఆ బండి నేర్పిన పని అది. ఇప్పుడు మా ప్రాంతం మెకానిక్‌లు చాలామంది అట్లాగే చేస్తారు, దాన్ని సత్తన్న పద్ధతి అంటారు. నాది కాదు, సిరిసిల్ల రాజేశంది అని ప్రతిసారీ చెబుతాను. చెప్పేటప్పుడు ఈ వయసులో కూడా లోపల ఎక్కడో చురుక్కుమంటుంది. అయినా చెబుతాను.