పెట్టనన్నానా?

ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అమలాపురంలో ఒక కాలేజీలో పార్ట్ టైముగా లెక్కలు చెబుతూ ఎం.ఫిల్. చేస్తున్నాను. మా గైడుగారు ఎప్పుడో అచ్చు వేయించిన ఒక సిద్ధాంతాన్ని కంప్యూటర్ చేత మెట్టు మెట్టుగా తనిఖీ చేయించడం నా పని. నిర్మాణాత్మక గణితం అది. అందులో ఏదైనా ఉందంటే తీసి చూపించాలి. తాళంచెవి ఇంట్లో లేకుండా ఎక్కడికి పోతుంది, కాబట్టి ఉన్నట్టే అంటే తలుపు తెరుచుకుంటుందా? తాళంచెవి చేతిలో పెట్టాలి.

రోజూ ముమ్మిడివరం నుంచి మొదటి బస్సుకే వచ్చి, క్లాసులు మొదలయ్యేదాకా ల్యాబులో కూర్చునేదాన్ని. పద్నాలుగో మెట్టు దగ్గర కంప్యూటర్ మొరాయించింది. ఎన్ని విధాల రాసినా ఒప్పుకోదే! నాదే తప్పనుకుని నన్ను నేనే తిట్టుకున్నాను. తీరా చూస్తే తప్పు గైడుగారిది. "లేకపోవడం కుదరదు, కనుక ఉంది" అని ఆ మెట్టు దాటేశారాయన.

చెబితే నవ్వారు. "దానికేవుందమ్మా! అలా అనుకోవచ్చని పైన ఒక్క లైను రాసెయ్. మిషను నోరు మూసుకుంటుంది."

మూసుకుంటుంది, నిజమే. అట్ట మీద నిర్మాణాత్మకం, లోపల దొంగ లైను! నేను రాయలేదు. నెల్లాళ్ళు తంటాలు పడి వేరే దారిలో దాన్ని కట్టి చూపించాను. కంప్యూటర్ ఒప్పుకుంది. పాత మెట్టు చెల్లదని థీసిస్‌లో ఒక ముక్క రాశాను.

ఆయన చదివి "చూద్దాంలే" అన్నారు. ఆ చూడడం ఆఖరి తేదీ దాకా సాగింది. గైడు సంతకం లేనిదే థీసిస్‌ను యూనివర్సిటీ తీసుకోదు, డిగ్రీ లేనిదే నా ఉద్యోగం పర్మనెంటు కాదు. ఆ ఆఖరి రోజు మధ్యాహ్నం స్టాఫ్ రూములో అందరి ముందూ సంతకం ఎందుకు పెట్టరని అడిగేశాను.

"నేను పెట్టనన్నానేంటమ్మా?" అన్నారు, నిమ్మకు నీరెత్తినట్టు.

"ఆయ్, సార్ ఎప్పుడూ అలా అన్లేదండి," అని పక్క కుర్చీలోని లెక్చరరు తలూపారు.

ఒళ్ళు మండిపోయింది. మా వైపు మర్యాదే అంత, కాదనే మాట ఎవరి నోటా రాదు. అవునని మాత్రం వస్తుందా!

"అనలేదండి, సరే. మరి సంతకం ఏదండీ? చూపించండి," అని పెన్నుతో సహా కాగితం ముందుకు తోశాను.

ఆయన జేబులు తడుముకున్నారు. "కళ్ళజోడు మర్చిపోయేనమ్మా. రేపు చూద్దాం."

కళ్ళజోడు ఆయన నుదుటి మీదే ఉంది. గడువు ఆ సాయంత్రంతో అయిపోయింది.

ఆ థీసిస్ మా బీరువాలో ఉంది, సంతకం చోటు ఖాళీగా. పెట్టనన్న మాట మాత్రం ఆయన ఈ రోజుకీ అనలేదు.