తంగేడు కాడ నీళ్ల వంతు

మే నెల ఎండకు మదనపల్లెలో గోడలు కూడా తెల్లమొహం వేసుకుని నిలబడే వేళ, మా ఇంటి ముందు స్కూటర్లాపి ఫోటోలు తీసుకునేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. నిన్న ఒకాయన తోట ప్లాను ఎవరిదని అడిగాడు. నాదేనందామని నోరు తెరిచేలోగా వెనక మా ఆవిడ గొంతు సవరించుకుంది. కాబట్టి జరిగింది జరిగినట్టే రాస్తాను. జీవితంలో నాకు గడ్డి పెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. నా అంతట నేనే, అదీ బెంగుళూరు నుంచి తెప్పించి మరీ పెట్టుకున్నది మాత్రం రిటైరైన సంవత్సరంలోనే.

దానికి పురోహితుడు కుప్పంలో గ్రానైటు పని చేసుకునే మా షడ్డకుడు, అంటే మా మరదలి మొగుడు. ఆయన మా వాకిలి చూసి, "ఇల్లంటే లాన్ ఉండల్లన్నా. ఈ కనకాంబరాలన్నీ పల్లెటూరి యవ్వారం," అన్నాడు. నడిచేదానికని మిగిలిపోయిన రాతి పలకలు కూడా ఉచితంగా పంపించాడు. ఆ కనకాంబరాలు మా ఆవిడ కాపురానికొచ్చిన నాటి నుంచి పెంచుకుంటూ వచ్చినవి. పొద్దున్నే వాటిని కోసి కట్టి తలలో పెట్టుకోనిదే ఆమెకు రోజు మొదలయ్యేది కాదు. నేను వాటిని పీకించి గడ్డి పరిపించాను. అది మా బోరును తాగడం మొదలుపెట్టి, వేసవి వచ్చేసరికి ఖాళీ చేసి, కొబ్బరిపీచు రంగుకు తిరిగి కన్ను మూసింది. మా ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. తలలో పువ్వు పెట్టడం మాత్రం మానేసింది. బజారు నుంచి మూరల కొద్దీ తెచ్చాను. అన్నీ దేవుడి పటానికే వెళ్లాయి. ఆ మౌనం కంటే ఎండిన బోరే నయం. మోటారు వేస్తే అదైనా కాస్త దగ్గేది.

అలాంటి రోజుల్లో మా అత్తగారు సోమల దగ్గరి పల్లె నుంచి, పుంగనూరులో బస్సు మారి, చెనిక్కాయ పొట్టు, అంటే వేరుశనగ తొక్కల మూటతో దిగింది. మా వైపు పాతకాలం అత్తలు అల్లుడితో నేరుగా మాట్లాడరు. ఏదైనా చెప్పాలంటే తలుపు చాటున నిలబడి, అల్లుడికి వినబడేట్టు కూతురికి చెబుతారు. గడ్డిని చాలాసేపు చూసి ఆమె కూతుర్ని అడిగింది: "ఇదంతా యాలమ్మా? మేసేదానికి ఆవు యాడుండాది?"

నేను పేపరు చాటుకు తప్పుకున్నాను.

ఎక్కడ ఏ చెట్టుండాలో ఆలోచించి తోట వేసేవాళ్లను చూశాను గానీ, ఎవరెక్కడ స్నానం చేయాలో తేల్చి తోట వేసిన మనిషిని అప్పుడే చూశాను. మా అత్తగారు షడ్డకుడి రాతి పలకల్ని తీయించి పెరట్లో, పక్క సందులో, గేటు దగ్గర స్నానాల బండలుగా వేయించింది. ఒక్కో బండ నుంచి చిన్న కాలువ. దాని వెంట కనకాంబరాలు, చంద్రకాంతలు, బిళ్లగన్నేరు. నీళ్లు అరకొరగా చేరే చోట టేబుల్ రోజాలు. అసలు చేరని గోడవారన కాగితప్పూలు. మూలకు గుట్ట మీది తంగేడు గింజలు. తేమ ఆరకుండా మొదళ్ల మీద చెనిక్కాయ పొట్టు. ఇక మడిచి ఎత్తుకుపోయే తడిక ఒకటి. ఏ చెట్టు వాడితే ఆ రోజు తడిక అక్కడికి నడిచేది, దాని వెనకే కుళాయి నీళ్ల బకెట్టు, చెంబుతో మేము. రోజూ పొద్దున తలుపు చాటు నుంచి ఉత్తర్వు వచ్చేది: "సెప్పమ్మా మీ ఆయనకు, ఈ పొద్దు తంగేడు కాడ పోసుకోమని." మా ఇంట్లో స్నానాన్ని బట్టే స్థానం. మొలకలకు మంటని సబ్బు నిషేధం. ఒళ్లంతా శనగపిండి పట్టించుకుని ఎండలో కూర్చుంటే నాకు నేనే బజ్జీలా కనిపించేవాణ్ని. అలాగని ఆమె లెక్కలన్నీ కుదిరాయనుకోవద్దు. ఉత్సాహం కొద్దీ నాటిన అనప చిక్కుడు తీగ బట్టల దండెం దాటి నా స్కూటరును అల్లేసుకుంది. కాయలు తెగేదాకా బండి కదపకూడదని మళ్లీ తలుపు చాటు ఉత్తర్వు.

ఆ ఏడు తొలకరి మొహం చాటేసింది. అయినా ఒక సాయంత్రం కాఫీ గ్లాసుతో బయటికొచ్చి అక్కడే నిలబడిపోయాను. చంద్రకాంతలు అప్పుడే విచ్చుకుంటున్నాయి. ఒకే చెట్టుకు పసుపూ గులాబీ, ఒకే పువ్వులో రెండూ కలిసి చిలికినట్టు. గోడ మీద కాగితప్పూలు మండుతున్నాయి. తంగేడు ఆ పిడికెడు మట్టిలోంచే అంత బంగారాన్ని ఎలా తవ్వి తీసిందో ఇప్పటికీ నాకు తెలియదు. మేము ఒళ్లు కడిగి పారబోసిన నీళ్లే ఇవన్నీ. నా మురికికి ఇంత అందమైన గతి పడుతుందని నేనెన్నడూ అనుకోలేదు. గ్లాసులో కాఫీ చల్లారిపోయింది. కొన్నాళ్లకు ఒక పొద్దున మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. తలలో కనకాంబరాలు, మూర కూడా లేవు. తోటలో తొలి కోత. ఆ రోజు కాఫీలో చక్కెర ఎక్కువ పడింది.

మా అత్తగారు ఇప్పుడు సోమల దగ్గర కొడుకింట్లో ఉంది. చూపు బాగా మందగించింది. రోజూ ఫోను చేసి ఏ చెట్టు ఏ రంగు పూసిందో కూతురిచేత చెప్పించుకుంటుంది.

ఈ ఉదయం విషయానికొస్తాను. రాత్రి కుప్పం నుంచి వచ్చిన షడ్డకుడు పొద్దున్నే లేచి తోట చూసి, "ఎన్ని ట్యాంకర్లు తోలిస్తాండావన్నా?" అంటూ టవలు భుజాన వేసుకుని బాత్రూమెక్కడని అడిగాడు. నేను తలుపు చాటుకు వెళ్లి, ఆయనకు వినబడేట్టు మా ఆవిడతో అన్నాను: "సెప్పమ్మా మీ మరిదికి, ఈ పొద్దు గేటు కాడ చంద్రకాంతల వంతని."

ఆయన పంపిన రాయి మీదే ఆయన కూర్చున్నాడు, ఒళ్లంతా శనగపిండితో. తడిక పాతబడి అక్కడక్కడా చిరిగింది. సరిగ్గా అప్పుడే గేటు బయట రెండు స్కూటర్లు ఆగాయి, ఫోటోల కోసం. తలలో కనకాంబరాలు ఊగేట్టు నవ్వుతూ మా ఆవిడ ఫోనులో వాళ్లమ్మకు చెబుతోంది. అవతల నుంచి ఆ పెద్దామె నవ్వు నా దాకా వినబడింది. కాలం నీళ్లలా పోతుందంటారు. పోనీ, మా ఇంట్లో అది ఒక్కో చెట్టు కాడ కాసేపు ఆగే పోతాండాది.