నుమీసియా అనని మాట

లాటిన్ వాళ్ల ప్రెనెస్తె ఊళ్లో ఎవరు పోయినా ఏడవడానికి నుమీసియాని పిలిచేవారు. జుట్టు విరబోసుకుని, గుండెలు బాదుకుంటూ, పోయినవాడు బతికుండగా ఎన్నడూ చెయ్యని మంచిపనులన్నీ పాడేది. చితి చల్లారి, ఎముకలు ఏరాక, చివరగా "ఈలికెత్" అనేది. ఇక వెళ్లొచ్చు అని. అది వినేదాకా ఎవరూ కదిలేవారు కారు.

ఆ మాటకి తల్లి "ఈరె", అంటే వెళ్లడం. లాటిన్ వాళ్ల ఇళ్లలో దాని సంతానం చాలా పెద్దది. ప్రయాణం, గుమ్మం దాటడం, మొదలుపెట్టడం, చచ్చిపోవడం, వీటికి వాళ్లు వాడే మాటలన్నీ దాని పిల్లలే. దాయాదులు గ్రీకులో ఉన్నారు. సంస్కృతంలో "ఏతి" అనే అక్క ఉంది. వీళ్లందరి ముత్తవ్వ ఏ పశువుల వెంట నడిచిందో చూసినవాళ్లు లేరు.

నుమీసియా మొగుడు కైసో పోయినప్పుడు ఏడవడానికి ప్లోతియాని పెట్టారు. పెద్దావిడ ఉండగా ఆ చివరి మాట నేననడమేమిటని ప్లోతియా ఊరుకుంది. ఇవాళ విధవని కదా, ఆమే అంటుందిలే అని నుమీసియా ఊరుకుంది. ఇంతలో వాన. జనం చెదిరిపోయారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కైసో పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎండ మీద పడుతోంది, అతనికి నీడ మాత్రం లేదు. నుమీసియా కెవ్వుమనలేదు. గంజి ముందు పెట్టి, "జాగ్రత్త, కాలుతుంది" అంది.

అవతల శవం వెంట వెళ్లినవాళ్లందరినీ కాళ్లు మళ్లీ చితి దగ్గరికే లాక్కుపోతున్నాయి. రొట్టెలు కాల్చే త్రేబియుస్, కాళ్లు గాడిదకి కట్టించుకుని ఆమె గుమ్మం ముందుకొచ్చాడు.

"అత్తా, ఆ మాటేదో అనెయ్యవే!"

"ప్లోతియాని అనమను."

"గొంతు చించుకుంది. ఎవరి కాళ్లూ వినలా. మీ ఇంటి చావు, నువ్వే అనాలి."

"రేపంటాలే."

"రేపా? నా పెళ్లాం అక్కడ నిలబడిపోయింది. ఇంట్లో చంటిది పాలకి గుక్కపట్టింది అత్తా!"

నుమీసియా లోపలికి ఓరగా చూసింది. కైసో కదల్లేదు. ఆమె మునివేళ్ల మీద లేచి, త్రేబియుస్ చెవిలో ఊపిరంత మెల్లగా అంది. "ఈలికెత్."

కట్లు వదులయ్యాయి. గాడిద పరుగెత్తింది.

లోపల కైసో లేచి నిలబడ్డాడు.

"చెవిటివాడివి, నీకెలా వినబడిందయ్యా?"

"వినబడలేదు. చెవుడొచ్చాక నీ పెదాలు చూసేగా అన్నీ తెలుసుకున్నాను? చితి మీంచి కూడా వాటినే చూస్తూ ఉన్నాను. నువ్వు అన్లేదు."

నుమీసియా గబుక్కున అరచేత్తో నోరు మూసుకుంది. కైసో అప్పటికే గుమ్మం దాటుతున్నాడు.